నూతి గిలకయు ఆత్మ విశ్రాంతియు

చదువవలసిన వాక్యభాగములు: లూకా 12:16-21; మత్తయి 11:28-30



ఇంగ్లీషు కవిత్వము కాలేజీ చదువులవారికే గాని పల్లెవారికి కాదని కొందరు తలంచుదురు. అయితే 17వ శతాబ్దపు ఇంగ్లీషు కవులలో ఒకాయన పల్లెటూరి సంఘకాపరియే. ఆయన పద్యములలో కనబడు వస్తువులనేకములు మన పెరటిలోను పొలములోను ఉండునవే. ఆయన వ్రాసిన ఒక చిన్న పద్యమును ఈ నెల పాఠముగా తీసికొందము. దాని పేరు ‘గిలక’.

కవి ఎవరు?

జార్జి హెర్బర్టు 1593లో వేల్సు దేశములో గొప్ప కుటుంబమున పుట్టెను. కేంబ్రిడ్జిలో చదివి, 1620లో ఆ విశ్వవిద్యాలయము తరపున ప్రసంగించు ఉద్యోగమునకు ఎన్నుకొనబడెను. అది రాజాస్థానమునకు దారితీయు పదవి. 1624లో పార్లమెంటు సభ్యుడుగా కూడ ఉండెను. అయినను 1630లో సాలిస్‌బరీ పట్టణము దగ్గరనున్న బెమర్టన్ అను చిన్న ఊరికి కాపరిగా వెళ్లెను. అక్కడ మూడేండ్లు నిండకుండగనే, 1633 మార్చిలో, క్షయవ్యాధిచేత మరణించెను. అప్పటికి ఆయనకు 39 ఏండ్లు. ఆయన పద్యములు ‘దేవాలయము’ అను పేరుతో ఆ యేటనే అచ్చయ్యెను.

పల్లెకాపరి దున్నుటను, పశువుల మేపుటను కూడ ఎరిగియుండవలెనని ఆయన వేరొక గ్రంథములో వ్రాసెను. జనులకు తెలిసినదానిని పట్టుకొనియే తెలియనిదానిని నేర్పవలెనని ఆయన తలంపు. మన పాఠమునకు ఇదియే తాళపుచెవి.

పద్యభావము

దేవుడు నరుని సృజించినప్పుడు ఆశీర్వాదములతో నిండిన గాజుపాత్ర ఆయన ప్రక్కన ఉన్నది. ఆయన దానిని నరునిమీద పోయసాగెను. మొదట బలము, తరువాత అందము, ఆ పిమ్మట జ్ఞానము, ఘనత, సంతోషము వచ్చెను. పాత్ర దాదాపు ఖాళీయైనప్పుడు దేవుడు చేయి నిలిపెను. అడుగున ఒక్కటే మిగిలియున్నది. అది విశ్రాంతి. దీనిని కూడ ఇచ్చినయెడల నరుడు నన్ను విడిచి నా యీవులనే పూజించును, అప్పుడు నాకును నష్టమే, వానికిని నష్టమే అని దేవుడు అనుకొనెను. కాబట్టి దానిని తనయొద్దనే ఉంచుకొనెను. మంచితనము నరుని నాయొద్దకు నడిపించనియెడల, అలసటయైనను వానిని నా రొమ్మునకు చేర్చునని ఆయన ఉద్దేశము.

అలంకారములు

మొదటిది రూపకము. ‘గిలక’ అను మాట పేరులోనే గాని పద్యములో ఎక్కడను లేదు. చదువరియే దానిని ఆలోచించి పట్టుకొనవలెను. బోర్లు, మోటార్లు వచ్చిన తరువాత నూతి గిలకలు తక్కువైనను పెద్దలందరు వాటిని ఎరుగుదురు. చేంతాడును ఈవలనుండి క్రిందికి లాగినయెడల ఆవల చేద పైకి వచ్చును. అట్లే అలసట మనలను క్రిందికి లాగుచున్నట్టు కనబడును గాని, ఆ లాగుటచేతనే ఆత్మ దేవునియొద్దకు లేచును. దూరమైన రెండు సంగతులను ఇట్లు తెలివిగా జతపరచుట ఆ కాలపు కవులకు మిక్కిలి ప్రియము.

రెండవది శ్లేష, అనగా ఒక్క మాటకు రెండర్థములు. పింగళి సూరన రాఘవపాండవీయములో ఒకే పద్యమున రామకథను, భారతకథను ఇమిడ్చెనని మనము విన్నాము గదా! హెర్బర్టు ఒక్క మాటతోనే ఆ పని చేసెను. ఇంగ్లీషులో ‘రెస్ట్’ అనగా విశ్రాంతి. ‘మిగిలినవి’ అనియు అర్థము. మిగిలిన యీవులన్నియు నరుడే ఉంచుకొనవచ్చును, విశ్రాంతి మాత్రము దేవునియొద్దనే ఉండును. ఒకే మాట రెండు ప్రక్కల తూగుచున్నది.

మూడవది నడక. పద్యములో నాలుగు చరణములు, ఒక్కొక్క చరణమునకు అయిదు పాదములు. మొదటి పాదమును కడపటి పాదమును పొట్టివి. నడుమ మూడును పొడుగువి. మాటలు మాత్రము ఇంటిలో మాటలాడుకొనునట్టివే.

ఒక సందేహము

“దేవుడు లోభియా? ఇచ్చి ఇయ్యకుండుట న్యాయమా?” అని ఎవరైన అడుగవచ్చును. పద్యమును మరల చూడుడి. విశ్రాంతిని ఆయన పారవేయలేదు. తన రొమ్మున దాచెను. ఇంటి తాళపుచెవి తల్లి కొంగున ఉన్నయెడల పిల్లలు ఇంటికి రాక తప్పదు గదా!

మరియొక జాగ్రత్త కూడ అవసరము. ఈ పద్యములోని నరుడు అన్నియు కలిగినవాడు. ఎండలో పగలంతయు కాయలు కోసి, గంపలు మోసిన కూలివానితో “నీ అలసట దేవుని వరము” అని తోటయజమాని చెప్పుటకు ఇందులో చోటు లేదు. పనివానికి విశ్రాంతి ఇయ్యవలెనని ద్వితీయోపదేశకాండము 5:14లో ఆజ్ఞయే ఉన్నది. యజమాని పనివానికి బాకీపడిన విశ్రాంతి వేరు, దేవుడు తనయొద్ద ఉంచుకొన్న విశ్రాంతి వేరు.

మనకు పాఠము

మన నూజివీడు ప్రాంతములో పూత వచ్చినది మొదలు రైతునకు నిద్ర ఉండదు. మంచు పట్టునో, తేనెమంచు పురుగు తగులునో, గాలివానకు కాయ రాలునో అని భయము. పంట చెడినయెడల అప్పుల చింత. బంగినపల్లి గాని రసాలు గాని మంచి ధర పలికినయెడల చింత పోవలెను గదా? అప్పుడు మరియొక తోట కౌలుకు తీసికొందమా అను ఆలోచన పట్టుకొనును. లూకా సువార్తలోని ధనవంతుడు కొట్లు నిండిన తరువాత విశ్రాంతి దొరకుననుకొనెను; ఆ రాత్రియే అతని ప్రాణము అడుగబడెను. నిండిన కొట్టులో విశ్రాంతి లేదు, ఏలయనగా దేవుడు దానిని అక్కడ ఉంచలేదు. ప్రయాసపడువారిని క్రీస్తు తనయొద్దకు పిలుచుచున్నాడు; విశ్రాంతి ఆయనయొద్దనే ఉన్నది.

కూటములలో మాటలాడుటకు ప్రశ్నలు

1. దేవుడు మనకిచ్చిన యీవులలో దేనిని ఆయనకు బదులుగా పూజించుచున్నాము?
2. మన అలసట మనలను ప్రార్థనకు నడిపించుచున్నదా, సణుగుటకు నడిపించుచున్నదా?
3. మనయొద్ద పనిచేయువారికి విశ్రాంతి దినమును ఇచ్చుచున్నామా?