పుస్తకం ఉంది, వెతకడం రాలేదు

మొన్న సాయంకాలపు తరగతిలో ఒక అమ్మాయి ‘లైబ్రరీలో ఆ కథల పుస్తకం లేదు టీచర్’ అంది. మేము చూస్తే ఉంది. ‘కథలు’ అన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించినవారు టీహెచ్ బదులు డీహెచ్ వాడారు, అంతే.

ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే భారత జాతీయ డిజిటల్ లైబ్రరీలో ఈమెయిలుతో ఉచితంగా ఖాతా తెరవవచ్చు. పాత తెలుగు పుస్తకాల పేర్లు మాత్రం ఒక్కొక్కరు ఒక్కో తీరుగా నమోదు చేశారు. పేరుతో దొరక్కపోతే రచయిత పేరుతో వెతకాలి. స్పెల్లింగు రెండు మూడు విధాలుగా మార్చి చూడాలి. జాబితాలో కనిపించినవన్నీ తెరుచుకోవు, కొన్ని చందా కట్టిన సంస్థలకే. ‘ఓపెన్’ అన్నది ఎంచుకుంటే పిల్లలకు ఆ నిరాశ తప్పుతుంది.

ఖాతాల విషయంలో తప్పు మాదే. మొదట అందరికీ కలిపి ఒక్కటే తెరిచాం. పాస్‌వర్డు మరిచిన రోజు తరగతి మొత్తం ఆగిపోయింది. ఇప్పుడు పెద్ద పిల్లల్లో ఎవరి ఖాతా వారిదే. లేచేముందు లాగౌట్ చేయమని ఇంకా రోజూ చెప్పాల్సే వస్తోంది!

దాతలు ఇచ్చిన రెండు కంప్యూటర్ల ముందు రోజూ వరుస ఉంటోంది. పరీక్షల నెలల్లో నెట్ ఆగకుండా చూడమని మా మనవి.