ఆ నీలం బొమ్మ సంగతి కూడా చూద్దాం

ఏమ్మా చెల్లీ, నీ ఉత్తరం చదివాను. పెద్దాడు ఎనిమిదో తరగతికి వచ్చాడనీ, వాళ్ళ పెదనాన్నగారింట్లో ప్లేస్టేషన్ కొన్నారనీ, అందులో రెసిడెంట్ ఈవిల్ 4 ఆడతానని ప్రాణం తీస్తున్నాడనీ, ఆడనివ్వొచ్చా అక్కా అనీ మూడు పేజీలు రాశావు. ఆఖర్న, ఉత్తరం మడవబోతూ గుర్తొచ్చినట్టు, ఒకటో తరగతి చదివే చిన్నదానికి పొడుగు చేతుల నీలం బొమ్మ కొనిచ్చామనీ, అప్పట్నుంచీ రాత్రిపూట బాత్రూమ్‌కి ఒక్కతీ వెళ్ళనంటోందనీ ఒక్క ముక్క రాశావు. నన్నడిగితే ఆ మూడు పేజీల కంటే ఈ ఒక్క ముక్కే పెద్దది. అయినా నువ్వడిగిన వరసలోనే వస్తాను, లేకపోతే మధ్యలో పత్రిక మూసేస్తావు.

పెద్దాడి విషయం తేలిక. ఇప్పుడు వద్దు, అంతే. ఎందుకు వద్దో చెప్పాలంటే ముందు ఆ ఆటలో ఏముందో నీకు తెలియాలి. జపాన్‌లో క్యాప్‌కామ్ అనే కంపెనీ 1996 నుంచి ఈ వరస తీస్తోంది. నాలుగోది 2005లో వచ్చింది, దాన్నే 2023 మార్చిలో మళ్ళీ కొత్తగా తయారుచేసి వదిలారు. కథ స్పెయిన్‌లో ఓ మారుమూల పల్లెలో. అమెరికా ప్రెసిడెంటు కూతుర్ని ఎవరో ఎత్తుకుపోతే లియాన్ అనే ఏజెంటు వెతుక్కుంటూ వెళ్తాడు. ఊళ్ళోవాళ్ళ ఒంట్లో ఒక రకం పరాన్నజీవి చేరి ఉంటుంది. గొడ్డళ్ళు పట్టుకుని గుంపుగా మీదపడతారు. వాళ్ళలో ఒకడు తలకి గోనెసంచి తొడుక్కుని, చెట్లు కోసే రంపం మిషను ఆన్ చేసుకుని వస్తాడు. 2005లో అమెరికాలో అమ్మిన ఆటలోనైతే వాడికి దొరికామా, మన హీరో తల తెగి పడుతుంది. అదీ మనం ఆడుతున్న హీరో!

దీనికి అమెరికా రేటింగ్ బోర్డు ఈఎస్ఆర్‌బీ 17 ఏళ్ళు నిండాలంది, యూరప్ వాళ్ళ పెగీ 18 అంది. పుట్టింట్లో సంగతి ఇంకా తమాషా. జపాన్‌లో కొత్త ఆటని రెండు రకాలుగా అమ్మారు, నెత్తురూ నరుకుడూ తగ్గించింది ఒకటి, తగ్గించనిది ఒకటి. తగ్గించని దానికి 18 నిండాలి. తగ్గించిన దానికేమో 17! అంత కోత పెట్టాక కూడా 17 కంటే కిందికి దిగలేదన్నమాట. మీవాడికి 13. ఏడాదో అరో తేడా అయితే నేనూ చూసీ చూడనట్టు పొమ్మనేదాన్ని. పదహారేళ్ళవాడు అడిగితే, హాల్లో, నువ్వు పక్కన కూర్చునే మాటైతే, నా జవాబు వేరేగా ఉండేది.

అయితే ఒక్క మాట. "ఇవి ఆడితే రౌడీవి అవుతావురా" అని మాత్రం అనకు. ఆ మాట నిలబడదు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో తమ తీర్మానాన్ని సవరించుకుని, ఈ ఆటల వల్ల పిల్లలు నిజమైన హింసకు దిగుతారనడానికి తగినన్ని ఆధారాలు లేవంది. అరవడం, తోసుకోవడంలాంటి దుడుకుతనంతో చిన్నపాటి సంబంధం ఉందని మాత్రం అంది. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు 2019లో 14, 15 ఏళ్ళ బ్రిటిష్ పిల్లలు సుమారు వెయ్యిమందిని పరిశీలించి, హింస ఉన్న ఆటలకీ పిల్లల దుడుకుతనానికీ లంకె కనబడలేదన్నారు. నువ్వు రౌడీ అన్న మరుక్షణం మీవాడు ఇవన్నీ ఫోన్‌లో తీసి నీ ముందు పెడతాడు. ఆ తర్వాత నువ్వు చెప్పే మంచి కారణం కూడా వాడి చెవికెక్కదు.

మంచి కారణం వేరే ఉంది. సినిమాలో ఘోరం ఒకసారి జరుగుతుంది, కళ్ళు మూసుకుంటే దాటిపోతుంది. ఆటలో కళ్ళు మూసుకుంటే చచ్చిపోతాం. చచ్చిపోతే మళ్ళీ అక్కడికే వస్తాం. ఆ గోనెసంచివాణ్ణి దాటలేని పిల్లాడు ఆ సాయంత్రమంతా వాడి చేతిలోనే చస్తూ ఉంటాడు, చెవుల్లో హెడ్‌ఫోన్స్‌తో, రంపం చప్పుడు ఏ వైపు నుంచి వస్తోందో వింటూ. ఈ ఆటల్లో సగం భయం చప్పుడే. పెద్దవాళ్ళకి అదే మజా. మా ఇంట్లో మీ బావగారు రాత్రి పన్నెండుకి ఆడి, ఒంటిగంటకి గురక పెడతారు. ఆయనకి అలవాటైన భయం అది. పదమూడేళ్ళవాడికి పడుకున్నాక కూడా ఆ చప్పుడు వినబడుతూ ఉంటే, పొద్దున బడికెళ్ళేది వాడే కదా!

డాలస్ నుంచి ఒక చెల్లి అడిగింది, అక్కడైతే ఇలాంటి ఆటలకి చట్టమే ఉంటుందిగా అక్కా అని. లేదమ్మా. హింస ఉన్న ఆటలు మైనర్లకి అమ్మకూడదని కాలిఫోర్నియా 2005లో చట్టం చేస్తే, 2011లో వాళ్ళ సుప్రీంకోర్టు కొట్టేసింది, అది భావ ప్రకటన స్వేచ్ఛకి అడ్డమని. దుకాణాలవాళ్ళు 17 లోపు పిల్లలకి ఇవ్వకపోతే అది వాళ్ళు పెట్టుకున్న నియమం. అక్కడైనా ఇక్కడైనా భారం అమ్మానాన్నల నెత్తినే.

ఇక నీలం బొమ్మ. దాని పేరు హగ్గీ వగ్గీ. ఎర్రటి పెదాలు, మెడకి చుట్టుకునే చేతులు. నోరు మూసి ఉన్నంతసేపూ ముద్దుగానే ఉంటుంది. నోరు తెరిస్తే లోపల వరసలు వరసలుగా సూదుల్లాంటి పళ్ళు. 2021 అక్టోబరులో వచ్చిన పాపీ ప్లేటైమ్ అనే ఆటలోది అది. మూతపడ్డ బొమ్మల ఫ్యాక్టరీలోకి ఒకప్పటి ఉద్యోగి తిరిగొస్తాడు. పదేళ్ళ కిందట అక్కడి సిబ్బంది అంతా మాయమయ్యారు. హాలు మధ్యలో ఈ బొమ్మ నిలబడి ఉంటుంది. కరెంటు సరిచేసి వచ్చి చూస్తే, నిలబడ్డ చోట ఉండదు! ఆ తర్వాత ఇరుకు గొట్టాల్లో పాకుతూ పారిపోవాలి, అది వెనకాల వస్తూ ఉంటుంది.

మొదటి భాగంలో నెత్తురు తక్కువే. అందుకే చాలామంది పెద్దలకి ఇది పిల్లల వ్యవహారంలా కనబడుతుంది. భాగాలు గడిచేకొద్దీ అసలు కథ బయటికొస్తుంది. ఆ ఫ్యాక్టరీ కింద ఒక అనాథాశ్రమం ఉంది, ఈ బొమ్మల్లో చాలావాటిని అక్కడి పిల్లల మీద ప్రయోగాలు చేసి తయారుచేశారు. 2024లో వచ్చిన మూడో భాగంలో ఒక కుక్క బొమ్మని నడుం కింద భాగం లేకుండా బెల్టులతో వేలాడదీసి ఉంచుతారు, అది మాట్లాడుతుంది కూడా. గోనెసంచి, రంపం ఉన్న ఆట అట్టపెట్టె చూస్తేనే నీకు అర్థమవుతుంది ఇది పిల్లలది కాదని. ఈ బొమ్మ మాత్రం అలంకరించి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, టెడ్డీ బేర్ పక్కన తగిలించి అమ్ముతారు. నేనిందాక పెద్ద విషయం అన్నది ఇదే.

2022లో బ్రిటన్‌లో బళ్ళూ పోలీసులూ దీని గురించి తల్లిదండ్రుల్ని హెచ్చరించారు. కొంచెం అతి కూడా జరిగిందిలే. బొమ్మ పిల్లల చెవిలో చెడ్డమాటలు ఊదుతుందన్నారు, ఆటలో అలాంటి ఘట్టమేం లేదు. ఎవరో అభిమానులు కట్టిన పాటలూ వీడియోలూ తిరిగాయి, గొడవ వాటి దగ్గర మొదలైంది. వాట్సాప్‌లో పెద్దక్షరాలతో వచ్చేవాటిని నువ్వు ఫార్వర్డ్ చేయకు, అది వేరే సంగతి. కానీ ఒక నిజం బయటపడింది: చిన్నపిల్లల్లో చాలామంది ఈ ఆట ఆడనే లేదు. చూశారు. మీ చిన్నది కూడా ఆడి ఉండదు, అన్నయ్య ఫోన్‌లోనో బడిలో స్నేహితురాలి ద్వారానో చూసి ఉంటుంది. ఆట మీద వేసిన వయసు అంకె వీడియో దాకా రాదు.

ఆ అంకె ఎక్కణ్ణుంచి వస్తుందో కూడా చెబుతాను. మన సినిమాలకి సెన్సార్ బోర్డు ఉంది, 2024లో యూఏ సర్టిఫికెట్‌ని కూడా 7, 13, 16 అని విడగొట్టారు. ఆటలకి మన దేశంలో అలాంటి బోర్డు లేదు. ప్లేస్టోర్‌లో కనబడే 3+, 7+, 12+, 16+, 18+ అనేవి ఐఏఆర్‌సీ అనే అంతర్జాతీయ పద్ధతిలో వస్తాయి. ఆట తయారుచేసినవాళ్ళే ప్రశ్నల పత్రం నింపుతారు. నెత్తురు ఉందా, మనుషుల మీద దాడి ఉందా, బూతులున్నాయా అని. ఆ జవాబుల్ని బట్టి కంప్యూటరే అంకె వేస్తుంది. పనికిరాదనను, నేనూ ముందు అదే చూస్తాను. 16, 18 ఉంటే ఇక చర్చ లేదు. 12 ఉంటే మాత్రం ఊరుకోను. నెత్తురు ఎంతో ఆ పత్రం పట్టుకుంటుంది. గొట్టంలో పాకుతుంటే వెనక వినబడే అడుగుల చప్పుడు ఎలా ఉందో, అక్కణ్ణుంచి బయటికి దారి ఉందో లేదో, అది పట్టుకోదు.

అందుకని చూడాలి. ట్రైలర్ చూస్తే ఏమీ తెలియదు, అది పెళ్ళిచూపుల ఫొటోలాంటిది. ఎవరైనా మొత్తం ఆడి పెట్టిన వీడియో తీసుకుని, మీ ఆయన్ని కూడా పక్కన కూర్చోబెట్టుకుని, చప్పుడు పెట్టుకుని, ఓ గంట చూడు. ఆటలో మనం చచ్చిపోయినప్పుడు ఏం చూపిస్తారో తప్పకుండా చూడు. నేను చూసేది, హింస ఎవరి మీద జరుగుతోంది, మనిషి మీదా వింతజీవి మీదా, అందులో ఆనందం చూపిస్తున్నారా అని. మనం తిరగబడగలమా, దాక్కోవడం తప్ప దారి లేదా అని కూడా. చేతిలో ఏమీ లేకుండా మంచం కింద దాక్కునే ఆట, తుపాకీ ఉన్న ఆట కంటే చిన్నపిల్లలకి ఎక్కువ భయం. ఇంకోటి, కథ జరిగేది మన ఇల్లులాంటి చోటా కాదా అని. వంటిల్లు, బెడ్‌రూమ్, బొమ్మల బీరువా ఉన్న ఆటలు రాత్రి మన ఇంట్లోకి నడిచొస్తాయి.

వయసుతో భయం కూడా మారుతుందమ్మా. విస్కాన్సిన్ యూనివర్సిటీలో జోఆన్ కాంటర్ అనే ఆవిడ పిల్లల భయాల మీద ఎన్నో ఏళ్ళు పనిచేశారు. ఆవిడ పరిశోధనల్లో, టీవీలో హల్క్ సీరియల్ చూసిన చిన్నపిల్లలు, పాపం మంచివాడైన ఆ ఆకుపచ్చాయన్ని చూసే జడుసుకున్నారు. వాళ్ళకి రూపమే భయం. పెద్దపిల్లలకి అతను మంచివాడని అర్థమైంది. అదే 1983లో అణుయుద్ధం మీద వచ్చిన టీవీ సినిమా చూసినప్పుడు చిన్నవాళ్ళు అంతగా చలించలేదు, పెద్దపిల్లలు కలవరపడ్డారు. వాళ్ళకి నిజంగా జరగగలిగేది భయం. మీ ఇంట్లో లెక్కేసుకో. చిన్నదానికి పళ్ళు భయం. పెద్దాడు ఆ బొమ్మని చూసి నవ్వుతాడు, కానీ అనాథపిల్లల మీద ప్రయోగాల కథ వాడికి తగులుతుంది.

అలాగని భయమే వద్దనే రకం కాదు నేను. చందమామలో శవాన్ని భుజానేసుకుని శ్మశానంలో నడిచే విక్రమార్కుణ్ణి చూస్తూ పెరిగినవాళ్ళం. శంకర్ గారు వేసిన ఆ బొమ్మని ఏ ఒక్క నెలా తిప్పేసి వెళ్ళలేదు మనం. 2009లో అరుంధతి సినిమా చూసొచ్చి, అందులోని పశుపతికి జడిసి అమ్మానాన్నల మధ్య పడుకున్న పిల్లలు ఇవాళ ఉద్యోగాలు చేసుకుంటున్నారు. భయపడి, అందులోంచి బయటపడటం పిల్లలకి ఇష్టం. దానికి తగ్గ ఆటలూ ఉన్నాయి. నింటెండోలో లూయిజీస్ మాన్షన్ 3 అని 2019లో వచ్చింది. దెయ్యాల హోటలు, చేతిలో వాక్యూమ్ క్లీనర్, దెయ్యాల్ని అందులోకి పీల్చెయ్యడమే పని. హీరోనే గజగజా వణికిపోతుంటాడు, పిల్లలు వాణ్ణి చూసి నవ్వుతారు. అమెరికా బోర్డు అందరికీ అంది, పెగీ 7 అంది. మీ పెద్దాడు పిల్లల ఆటంటూ మూతి తిప్పుతాడు, తిప్పనీ. పెదనాన్నగారి అబ్బాయితో కలిసి మొదలుపెడితే లేవడు.

చిన్నదానికి ఇవాళే చేయాల్సింది ఉంది. "అది ఉత్త బొమ్మేనే, నిజం కాదు" అని వివరించి లాభం లేదు. ఆ వయసుకి మాటలకంటే ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం, గ్లాసెడు పాలు, లైటు, పక్కన మనిషి పనిచేస్తాయి. కొన్నాళ్ళు బాత్రూమ్‌కి తోడు వెళ్ళు, విసుక్కోకు. బొమ్మని దానికి చెప్పకుండా పారేయకు. మాయమైన బొమ్మ మరీ భయం, ఆ ఆటలో జరిగేది కూడా అదే కదా. ఏం చేద్దామని దాన్నే అడుగు. అటకెక్కిద్దామంటే ఎక్కించు, ఎవరికీ ఇవ్వొద్దంటే ఇవ్వకు. ఇంట్లో ఫోన్‌లకి ఫ్యామిలీ లింక్ అనే యాప్ పెట్టు. అది ప్లేస్టోర్‌లో వయసు మించినవి రానివ్వదు. అలాగే మీ మామగారు మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని రాత్రి తొమ్మిదింటికి చూసే క్రైమ్ ప్రోగ్రాం సంగతి మీ ఆయన్నే చెప్పమను. కోడలివి, నువ్వు చెబితే ఇంకో ఉత్తరం రాయాల్సొస్తుంది నాకు.

పెదనాన్నగారింట్లో మీ తోటికోడలితో నేరుగా మాట్లాడు. వాళ్ళబ్బాయికి పందొమ్మిది, వాడి ఆట వాడిది, తప్పేం లేదు. ప్లేస్టేషన్‌లో మీవాడికి వేరే పిల్లల అకౌంటు తెరిచి, వయసు పెట్టేస్తే, పరిమితి దాటిన ఆట తెరుచుకోదు. అన్న పాస్‌వర్డ్ తమ్ముడికి తెలియకుండా ఉండాలి, అది పెద్దవాడితో ఒప్పందం చేసుకో.

పెద్దాడికి వద్దని చెప్పేటప్పుడు, ఎప్పుడు ఇస్తావో కూడా చెప్పు. పదహారు నిండాక, హాల్లో, ముందు నాతో కలిసి అని. చెప్పావంటే ఆ రోజు ఇవ్వాలి మరి. వాడు క్యాలెండర్లో గుర్తు పెట్టుకుంటాడు, అప్పుడు నువ్వు ఆ రంపంవాడి ముందు కూర్చోక తప్పదు.