పిట్టల పద్దు

పాల పద్దు మనకు తెలుసు. కూలి పద్దు తెలుసు. కిరాణా కొట్టు పద్దూ తెలుసు. మరి పిట్టల పద్దు గురించి విన్నారా?

కొంతమంది తెల్లారకముందే లేచి చెరువుగట్టుకో, అడవికో పోతారు. వాళ్ళు పిట్టల్ని కొట్టరు, పట్టరు. దూరంగా నిలబడి చూస్తారు. చూసింది పుస్తకంలో రాసుకుంటారు. ఒక రకం పిట్టను పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చూస్తే, దాని పేరు పద్దులోకి ఎక్కుతుంది. అదే రకాన్ని మళ్ళీ వందసార్లు చూసినా పద్దు పెరగదు. కొత్త రకం కనపడితేనే పెరుగుతుంది. బతికినన్నాళ్ళూ రాసే పద్దు కాబట్టి దీన్ని జీవిత జాబితా అంటారు.

కాకి ఒకటి. పిచ్చుక రెండు. గోరువంక మూడు. పాలపిట్ట నాలుగు. ఎవరి పద్దయినా ఇట్లాగే మొదలవుతుంది. మన దేశంలో 1300కు పైగా రకాల పక్షులున్నాయి. ప్రపంచం మొత్తం మీద దాదాపు 11 వేల రకాలున్నాయి.

అమెరికాలో ఫీబీ స్నెట్సింగర్ అనే గృహిణి ఉండేది. నలుగురు పిల్లల తల్లి. 1981లో ఆమెకు క్యాన్సర్ ముదిరిందని, ఏడాదికి మించి బతకదని డాక్టర్లు చెప్పారు. ఆమె మంచం పట్టి కూర్చోలేదు. పిట్టల్ని చూడడానికి దేశదేశాలు తిరిగింది. చూసిన ప్రతి రకం గురించీ శ్రద్ధగా రాసుకుంది. ఇంకా 18 ఏళ్ళు బతికింది. ఆమె పద్దులో 8 వేలకు పైగా రకాలు చేరాయి. అన్ని రకాలు చూసినవాళ్ళు అప్పటికి ప్రపంచంలో ఇంకెవరూ లేరు. 1999లో పిట్టల కోసం మడగాస్కర్ దీవికి వెళ్ళి, అక్కడ వాహన ప్రమాదంలో చనిపోయింది.

కొత్త పిట్టను చూసినవాళ్ళు ఆ సంగతి కడుపులో దాచుకోలేరు. తోటివాళ్ళకు చెప్పుకుంటారు. విన్నవాళ్ళు ఊరికే తలూపరు. గుచ్చి గుచ్చి అడుగుతారు. ఒక మామా అల్లుడూ మాట్లాడుకుంటున్నారనుకోండి.

"మామా! ఈ పొద్దు నా పద్దులో కొత్త పిట్ట ఎక్కింది."

"ఏం పిట్టరా అల్లుడూ?"

"లకుముకి పిట్ట."

"అది నీ పద్దులో ఎప్పుడో ఎక్కింది గదా! నీలం రెక్కల పిట్టని నువ్వే చెప్తివి."

"ఇది అది కాదు మామా. దీనికి నీలమే లేదు. ఒళ్ళంతా నలుపూ తెలుపూ."

"ముక్కు ఎట్లుంది?"

"పొడుగ్గా, నల్లగా ఉంది."

"ఏం చేస్తా ఉండె?"

"చెరువు నీళ్ళమీద గాల్లో ఒకేచోట రెక్కలు కొట్టుకుంటా నిలబడింది. ఉన్నట్టుండి నిట్టనిలువునా నీళ్ళలో పడింది. చేపను పట్టుకుని లేచింది."

"అయితే నువ్వు చూసింది నిజమే. నీలం లకుముకి ఎక్కువగా కొమ్మమీదో, తీగమీదో కూర్చుని చేప కోసం కాచుకుంటుంది. అట్లా గాల్లో నిలబడి వేటాడడం ఈ నలుపు తెలుపు దాని అలవాటు. రెండూ లకుముకులే గానీ రకాలు వేరు. రాసుకో."

"పేరు రాసుకున్నా మామా."

"ఏ తేదీ? ఏ చెరువు? ఎన్ని పిట్టలు?"

"అవి రాయలేదే!"

"అవి లేంది పద్దెట్లా అవుతుందిరా? పాలు పోసినానని రాసి, ఏ రోజో, ఎన్ని లీటర్లో రాయకపోతే ఎవరన్నా డబ్బులిస్తారా?"

మామ చెప్పింది నిజం. నోటిమాట గాలికి పోతుంది. రాసిన మాట నిలుస్తుంది. రాత లేకపోతే ఏమవుతుందో కలివికోడి కథ చెబుతుంది.

కలివికోడి మన రాయలసీమ ముళ్ళపొదల అడవుల్లో బతికే చిన్న పక్షి. పొడుగు కాళ్ళు. రొమ్ము మీద రెండు పట్టీలు. పగలు దాక్కుంటుంది, రాత్రిపూట తిరుగుతుంది. జెర్డాన్ అనే ఇంగ్లీషు డాక్టరు వల్ల 1848లో ఇది శాస్త్రజ్ఞుల పుస్తకాలకెక్కింది. 1900లో ఒకసారి కనపడింది. ఆ తర్వాత 86 ఏళ్ళు దాని జాడ ఎవరూ రాయలేదు. ఆ జాతి అంతరించిపోయిందనే అనుకున్నారు.

1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రజ్ఞుడు భరత్ భూషణ్ కడప జిల్లా లంకమల ప్రాంతంలో, రెడ్డిపల్లి దగ్గర ఆ పిట్టను మళ్ళీ కనుగొన్నాడు. ఒక్కడే కనుక్కోలేదు. అక్కడి వేటగాళ్ళు సాయం చేశారు. ఆ పిట్టకు అక్కడి జనం పెట్టుకున్న పేరే కలివికోడి. పేరు పెట్టుకున్నారంటే దాన్ని ఎరిగినవాళ్ళు ఉన్నారనే గదా! పెద్ద పెద్ద పుస్తకాల్లో లేని సంగతి పల్లె నోళ్ళలో ఉంది. కాగితం మీదికి రాలేదు, అంతే.

అప్పుడు పట్టిన పిట్ట కొద్దిరోజులకే చనిపోయింది. అది బాధపడాల్సిన విషయం. కానీ దాని జాడ రాతకెక్కడం వల్ల మేలు జరిగింది. 1988లో ఆ అడవిని శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యంగా ప్రకటించారు. తర్వాత ఆ పిట్ట కోసం తెలుగుగంగ కాలువ దారిని కూడా మార్చారు. ఒక చిన్న పిట్ట గురించి రాసిన నాలుగు మాటలు కాలువనే పక్కకు తిప్పాయి! అయినా కలివికోడి నేటికీ చాలా అరుదు. పొదలు నరికేస్తే దానికి నిలవనీడ ఉండదు.

మీకు ఇప్పుడు చదవడం వచ్చు, రాయడం వచ్చు. మీ చేనూ చెరువూ మీకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు. మీరూ ఒక పద్దు పెట్టండి.

ఎట్లా రాయాలి?

1. పిట్ట పేరు. మీ ఊళ్ళో పిలిచే పేరే రాయండి. తెలియకపోతే రంగు, ముక్కు, కాళ్ళు, తోక ఎట్లున్నాయో రాయండి.
2. చూసిన తేదీ, వేళ.
3. చూసిన చోటు.
4. ఎన్ని ఉన్నాయి? ఏం చేస్తున్నాయి?
5. అనుమానం ఉంటే పక్కన ప్రశ్న గుర్తు పెట్టండి. చూడనిది చూసినట్టు రాయొద్దు.

గూటి దగ్గరికి పోవద్దు. గుడ్లు ముట్టుకోవద్దు. అరుదైన పిట్ట గూడు ఎక్కడుందో అందరికీ చాటి చెప్పొద్దు. మంచివాళ్ళతో పాటు ఉచ్చులు పెట్టేవాళ్ళూ వింటారు.

చెప్పండి - రాయండి

1. ఒకే రకం పిట్టను పదిసార్లు చూస్తే పద్దు ఎందుకు పెరగదు?
2. అల్లుడు ఏం రాయడం మరిచాడు?
3. కలివికోడి 86 ఏళ్ళు శాస్త్రజ్ఞులకు ఎందుకు కనపడలేదు? మీ కేంద్రంలో చర్చించండి.
4. మీ చిన్నప్పుడు ఉండి ఇప్పుడు కనపడని పిట్టల పేర్లు పెద్దవాళ్ళను అడిగి రాయండి.