చెట్ల లాటిను పేళ్లు: రైతునకు గల ప్రయోజనము

కోడూరు ప్రాంతపు రైతులలో హంసలదీవి, పాలకాయతిప్ప దిక్కున నున్న మడ అడవిని ఎఱుగనివారు లేరు. అందలి తిల్లచెట్టు పాలు కంట బడినచో కొంతకాలము చూపు పోవచ్చును. ఒంటికి తగిలినచోట బొబ్బలెక్కును. ఆ చెట్టు శాస్త్రనామము ఎక్సీకేరియా అగలోకా. ఇందలి మొదటి మాట గ్రుడ్డివానిగా జేయుట యను నర్థముగల లాటిను క్రియనుండి పుట్టినది. పేరే హెచ్చరిక. అభయారణ్యపు హద్దులలో చెట్టు గొట్టుట నిషిద్ధము. తమ గట్లపై మొలచిన తిల్లను తీయువారు చేతులు కడుగుకొనక కన్నులను తాకరాదు. పాలు కంట బడినచో మంచినీటితో చాలసేపు కడిగి వైద్యుని జూడవలయును.

1753వ సంవత్సరమున స్వీడను దేశపు లిన్నేయస్ పండితుడు ప్రతి మొక్కకును రెండేసి మాటల పేరును స్థిరపఱచెను. మొదటి మాట మన ఇంటిపేరు వంటిది. రెండవది వ్యక్తినామము వంటిది. ఈత, ఖర్జూరము ఒకే యింటివి. ఈత ఫీనిక్స్ సిల్వెస్ట్రిస్. లాటినున సిల్వా యనగా అడవి. ఖర్జూరము ఫీనిక్స్ డాక్టిలిఫెరా, అనగా వ్రేళ్లవంటి కాయలను మోయునది. లేతమొక్కలుగా నున్నపుడు రెంటిని గుర్తించుట కష్టము గనుక ఖర్జూరపు మొక్కలు కొనువారు రెండవ మాటను విచారింపవలయును. తాడిచెట్టు బొరాసస్ ఫ్లాబెల్లిఫర్, విసనకఱ్ఱలను మోయునది. మన సీమలో దీనికి వ్యాఖ్యానమక్కఱలేదు.

ఆర్బర్ అనగా చెట్టు. తెల్లవారకమున్నే పూలు రాల్చు పారిజాతమునకు ఆర్బర్ ట్రిస్టిస్, దుఃఖించు చెట్టు, అని పేరు. మన వ్యాకరణమున చెట్టు అమహద్వాచకము. లాటినున చెట్ల పేళ్లు మిక్కిలి భాగము స్త్రీలింగములు. అందువలననే రావిచెట్టు ఫైకస్ రెలిజియోసా యయ్యెను గాని రెలిజియోసస్ కాలేదు.

పొన్న యను పేరు వలన మోసము కలుగును. నూనెగింజల పొన్న కెలోఫిల్లమ్ ఇనోఫిల్లమ్. మడ అడవిలోని ఉప్పుపొన్న రైజోఫొరా. రెండవది ఆటుపోట్ల బురదనేలను గోరునదే గాని పొలము గట్టున బ్రతుకునది కాదు.

అన్నిటికన్న నష్టకరమైనది తుమ్మ విషయము. నల్లతుమ్మ కొయ్య నాగళ్లకును బండిచక్రములకును పేరుపడినది, బంక యిచ్చును. సర్కారుతుమ్మ 19వ శతాబ్దమున అమెరికా ఖండమునుండి తేబడినది. దాని పేరు ప్రొసోపిస్ జులిఫ్లోరా. వంటచెఱకునకు మంచిదే కాని, బీడులోనికి దిగినచో దానిని వదిలించుకొనుట దుస్తరము. కొట్టినకొలది మొదట చిగుర్చును. తుమ్మవిత్తులు అని మాత్రమే అడిగినచో ఏది చేతికి వచ్చునో చెప్పజాలము. నల్లతుమ్మను పాత గ్రంథములు అకేసియా అరాబికా యనియు, తరువాతివి అకేసియా నైలోటికా యనియు వ్రాసెను. ఇప్పటివి వాచెల్లియా నైలోటికా యనుచున్నవి. మూడును ఒక్క చెట్టే. విత్తులు కొనునపుడు తెలుగు పేరుతోబాటు ఈ మూడింటిలో నొకదానిని రసీదుపై వ్రాయించుకొనవలయును.