జ్ఞాపకానికి మూడు స్టేషన్లు



మన సార్లు బి.ఇడి.లో చదివే సైకాలజీని అమెరికాలో హైస్కూలు పిల్లలే చదువుతారు. ఆ పరీక్ష పేరు ఏపీ సైకాలజీ. ఏపీ అంటే మన రాష్ట్రం కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్! 5కి 3 గానీ ఆ పైన గానీ వస్తే చాలా కాలేజీలు ఆ సబ్జెక్టు ముందే పాసైనట్టు లెక్క కడతాయి. అందులోని జ్ఞాపకశక్తి పాఠం మన టెన్తుకూ పనికొస్తుంది.

జ్ఞాపకానికి మూడు మెట్లు. బెంగళూరు రైలు దారిలో వరుసగా వచ్చే మన ఊళ్లతో నేను గుర్తు పెట్టుకున్నాను.

1. ధర్మవరం మగ్గం: పోగు పోగు నేసినట్టు అర్థం చేసుకొని నేర్వడం. ఇది అభ్యసనం.
2. పెనుకొండ కోట: నేర్చింది లోపల భద్రంగా దాచడం. ఇది ధారణ.
3. హిందూపురం చింతపండు మార్కెట్: దాచింది అడిగినప్పుడు బయటికి తీయడం. ఇది పునఃస్మరణ.

చాలామంది మూడోది వదిలేస్తారు. పుస్తకం చూస్తూ పదిసార్లు చదివితే అంతా వచ్చినట్టే ఉంటుంది. అది గుర్తింపు మాత్రమే. బిట్లకు సరిపోవచ్చు, పెద్ద ప్రశ్నకు చాలదు. నేర్చిందాంట్లో ఎక్కువ భాగం మొదటి రోజే మరిచిపోతామని జర్మనీ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ తన మీదే ప్రయోగాలు చేసుకొని 1885లో రాసినాడు.

కాబట్టి స్టడీ అవర్లో చదివింది పుస్తకం మూసి పక్కవారికి చెప్పండి. రేపు ఒకసారి, మూడు దినాలకు ఒకసారి, వారానికి ఒకసారి మళ్లీ చెప్పండి. ట్యూషన్ లేని మన హాస్టల్లో ఇదే మన ట్యూషన్. పైసా ఖర్చు లేదు!