ముల్లు నిజం చెప్పేది ఇంజిన్ కాగాకే

పాల్వంచ

శ్రీనూ,

పాత టెంపో ట్రావెలర్ కొన్నావని, నవమికి ఖమ్మం నుంచి భద్రాచలం, పర్ణశాల ట్రిప్పులు వేసి, ఆ తర్వాత చింతూరు మీదుగా మారేడుమిల్లి టూర్లు మొదలుపెడతావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. టైర్లు, ఫిట్‌నెస్ గురించి చెప్పేవాళ్లు నీకు ఖమ్మంలోనే ఉన్నారు. 2014లో ఏడు మండలాలు అటు కలిశాక భద్రాచలం దాటగానే ఏటపాక దగ్గర ఆంధ్ర మొదలవుతుంది, కాబట్టి పర్మిట్ సంగతీ చూసుకునే ఉంటావు. నేను ఇంజిన్ ఆయిల్ గురించే రాస్తున్నాను. అది సరిగ్గా చూసుకుంటే ఆ బండి నీకు ఇంకా చాలా ఏళ్లు అన్నం పెడుతుంది.

అమ్మినవాళ్లు పొద్దున్నే సెల్ఫ్ కొట్టి చూపించారట, ఆయిల్ ప్రెషర్ ముల్లు పైకి లేచిందట, ఇంజిన్ ఇంకా బోరుకు రాలేదని అన్నారట. అల్లుడూ, ఆ ముల్లుని నమ్మకు. చల్లటి ఇంజిన్‌లో ఆయిల్ చిక్కగా ఉంటుంది. మనం పోసే 15డబ్ల్యూ-40 రకం, 40 డిగ్రీల దగ్గర ఉన్న చిక్కదనంలో 100 డిగ్రీలకు వచ్చేసరికి ఏడో వంతో ఎనిమిదో వంతో మిగులుతుంది. పంపు తోసిన ఆయిల్ బేరింగుల సందుల్లోంచి బయటపడటానికి ఎంత ఇబ్బంది పడితే గేజిలో అంత ప్రెషర్ కనిపిస్తుంది. చిక్కటి ఆయిల్‌కి అరిగిన బేరింగు దగ్గర కూడా ఇబ్బందే. అందుకే పొద్దున పూట ప్రతి ఇంజినూ గట్టిగానే కనిపిస్తుంది. కొత్తగూడెం దాటి, బొగ్గు లారీల వెనక నలిగి, సారపాక చేరాక బండి పక్కకు ఆపి స్లోలో ఉంచి చూడు. అప్పుడు ముల్లు ఎక్కడ నిలబడిందో అదే నీ ఇంజిన్ వయసు.

పాత ట్రావెలర్ల ఇంజిన్‌కి మూలం మెర్సిడెస్ వాళ్ల ఓఎం 616. బజాజ్ టెంపో పేరుతో ఉన్నప్పుడే ట్రావెలర్ కంపెనీ దాన్ని ఇక్కడికి తెచ్చింది, 2005లో ఫోర్స్ మోటార్స్‌గా పేరు మార్చుకుంది. ఆ మూల ఇంజిన్‌కి జర్మనీ వాళ్లు పెట్టిన కనీస లెక్క, బాగా కాగాక స్లోలో 0.3 బార్, 3000 తిరుగుళ్ల దగ్గర 3 బార్. స్లోలో అంత తక్కువా అని కంగారు పడనక్కర్లేదు, రేసు ఇవ్వగానే ముల్లు చురుగ్గా లేస్తుందా లేదా అన్నది చూడాలి. నీ బండి మోడల్‌కి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పట్టుకో.

డ్యాష్‌బోర్డులో వచ్చిన గేజి మీద మాత్రం ఆధారపడొద్దు. పాత బండ్లలో సెన్సారు, వైరింగు రెండూ అబద్ధాలు చెప్తాయి. ఆయిల్ స్విచ్ ఉన్నచోట టీ జాయింటు పెట్టించి ఒక మెకానికల్ గేజి బిగించు. ఎర్ర లైటు వెలిగేదాకా ఆగుదాం అనుకోకు, ప్రెషర్ దాదాపు పూర్తిగా పోయాకే అది వెలుగుతుంది. వీలైతే ఆయిల్ చాంబర్‌కి టెంపరేచర్ సెన్సారు కూడా పెట్టించు. నీళ్ల గేజి చూసి ఆయిల్ వేడి అంచనా వేయలేం. నీళ్లకి థర్మోస్టాట్ ఉంది, రేడియేటర్ ఉంది. ఆయిల్ ఆలస్యంగా కాగుతుంది, ఆలస్యంగా చల్లారుతుంది. ఘాటు ఎక్కి పైకి చేరాక నీళ్ల ముల్లు మధ్యకు దిగినా చాంబర్‌లో ఆయిల్ ఇంకా 120 మీదే ఉండొచ్చు. 90 నుంచి 110 వరకు మంచిది. ఎక్కుడులో కాసేపు 120 తాకితే ఓర్చుకుంటుంది. 130కి పోతోందంటే బండి ఆపాల్సిందే. అక్కణ్ణుంచి పెరిగే ప్రతి పది డిగ్రీలకూ ఆయిల్ చెడే వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది.

ఇప్పుడు రాసేది బాగా గుర్తుపెట్టుకో. వేడి ఎక్కువైతే చేసేది ఒకటి, ప్రెషర్ పడిపోతే చేసేది దానికి పూర్తి వ్యతిరేకం. ప్రెషర్ బాగుండి వేడి మాత్రమే పెరిగితే ఏసీ కట్టేసి, నీడ చూసి ఆపి, ఇంజిన్‌ని రెండు మూడు నిమిషాలు స్లోలో తిరగనివ్వు. ఫ్యాన్, పంపు పనిచేస్తుంటేనే వేడి బయటికి పోతుంది. టర్బో ఉంటే ఇది ఇంకా అవసరం, ఆయిల్ ఆగిపోతే కాగిన టర్బో బేరింగులో అది బొగ్గయిపోతుంది. ఆవిరి కక్కుతుంటే, కూలెంట్ కారిపోతుంటే మాత్రం ఇంజిన్ ఆపెయ్. రేడియేటర్ మూత తెరవకు, చన్నీళ్లు కుమ్మరించకు.

ప్రెషర్ పడిపోతే, లైటు వెలిగితే, ఇంజిన్ ఒక్క నిమిషం కూడా తిరగకూడదు. చింతూరు ఇంకెంతో దూరం లేదు కదా అని లైటుతోనే లాక్కెళ్లిన డ్రైవర్లున్నారు. బేరింగులు పట్టేసి, క్రాంకు గీరుకుపోయి, బండి లారీ మీద వెనక్కి వచ్చింది. అయితే ఘాటులో బండి దొర్లుతుండగా తాళం తిప్పకు, బ్రేకు బూస్టరు, స్టీరింగు బిగుసుకుపోతాయి. ముందు పక్కకు తీసి నిలబెట్టు, హ్యాండ్ బ్రేకు వెయ్, ఆ వెంటనే ఇంజిన్ ఆపెయ్, తర్వాత గేరులో పెట్టి చక్రం కింద రాయి పెట్టించు. ప్రయాణికులు విసుక్కుంటే విసుక్కోనీ.

ఆపాక మొదట చూడాల్సింది డిప్‌స్టిక్. చదునైన చోట, పది నిమిషాలు ఆగి చూడు. ఆయిల్ తక్కువుంటే ఎక్కుడులోనూ మలుపుల్లోనూ అది ఒక పక్కకు ఒరిగిపోయి, పంపు గాలి పీలుస్తుంది, ముల్లు ఊగుతుంది. తిన్నటి రోడ్డు మీద ఏ లోపమూ కనిపించని బండి మారేడుమిల్లి హెయిర్‌పిన్ల దగ్గర లైటు కొట్టడానికి చాలాసార్లు ఇదే కారణం. ఎక్కువ పోసినా తప్పే, క్రాంకు తగిలి నురగ వస్తుంది. డీజిల్ బండిలో ఆయిల్ నల్లబడటం మామూలే. కానీ పోయకుండానే లెవెల్ పెరిగి డీజిల్ వాసన కొడితే ఇంజెక్టరు కారుతున్నట్టు. మజ్జిగలా తెల్లబడితే నీళ్లు కలిశాయని, హెడ్ గ్యాస్కెట్ చూపించు.

ప్రెషర్ తక్కువుందని ఎవరైనా చిక్కటి ఆయిల్ పోసేద్దాం అంటే తొందరపడకు. మాన్యువల్ ఒప్పుకుంటే ఎండాకాలానికి 20డబ్ల్యూ-50 వాడొచ్చు, అది రోగాన్ని తగ్గించదు, కప్పిపెడుతుంది. ఏజెన్సీలో చలికాలం తెల్లవారుజామున అంత చిక్కటి ఆయిల్ పైన రాకర్ల దాకా చేరడానికి టైము పడుతుంది, ఈలోపు రేసు ఇస్తే అరుగుదల. లూజు ఆయిల్ ఎంత చవకైనా వద్దు, సీలున్న డబ్బానే కొను. మార్చిన పాత ఆయిల్‌ని వాగులోనో రోడ్డు పక్కనో పోయనివ్వకు. ఆ ఏజెన్సీ దారిలో వాగులు శబరికో గోదారికో చేరతాయి, ఊళ్లవాళ్లు ఆ నీళ్లే వాడుకుంటారు. షెడ్డులో డ్రమ్ముకి ఇచ్చెయ్.

తోలే పద్ధతి గురించి ఒక్కటి. ఎక్కుడులో పెద్ద గేరులో గునుస్తూ లాగించకు. తిరుగుళ్లు తక్కువైతే పంపూ ఫ్యానూ నెమ్మదిస్తాయి, బేరింగుల మీద బరువు మాత్రం పెరుగుతుంది. ముందే గేరు దించి రెండు వేల పైన తిరగనివ్వు. సారపాక పేపర్ మిల్లుకి జామాయిల్, సుబాబుల్ లోడు లారీలు నెమ్మదిగా పోతుంటాయి. వాటి వెనక అంటుకుని పోతే రేడియేటర్‌కి గాలి తగలదు, ఎడం ఉంచు. మా పాల్వంచ థర్మల్ బూడిద, కొత్తగూడెం బొగ్గు దుమ్ము రేడియేటర్ రెక్కల్లో గట్టిగా కూరుకుంటాయి, నెలకోసారి లోపలి వైపు నుంచి మెల్లగా నీళ్లు కొట్టించు.

గేజి బిగించాక ఖమ్మం నుంచి ఇక్కడిదాకా తోలుకుని రా. ఇంజిన్ ఆపకుండానే చూద్దాం, స్లోలో ఎంత, రెండు వేల దగ్గర ఎంత, మూడు వేల దగ్గర ఎంత అని. మూడు వేల దగ్గర కూడా మూడు బార్ అందకపోతే ముందు ఫిల్టరు మార్చి, చాంబర్ విప్పి జల్లెడ, బేరింగులు చూపిద్దాం. అందాకా నవమి బుకింగులకు అడ్వాన్సు తీసుకోకు.

మీ మామయ్య