హైదరాబాదు, ముంబాయి: మతాల లెక్క

సోషల్ పాఠంలో జనాభా లెక్కల గురించి చదివాం కదా. నేను రెండు పెద్ద పట్నాలు తీసుకుని ఎవరు ఏ మతమో పోల్చి చూశాను. ఇవి 2011 లెక్కలు.

గ్రేటర్ హైదరాబాదులో నూటికి 65 మంది హిందువులు, 30 మంది ముస్లింలు, దాదాపు ముగ్గురు క్రైస్తవులు. జైనులు, సిక్కులు, బౌద్ధులు అందరూ కలిసినా నూటికి ఒకరు కారు. ముంబాయిలో హిందువులు 66 మంది. అంటే ఇంచుమించు సమానమే. తేడా అంతా మిగిలినవాళ్ళలో ఉంది. అక్కడ ముస్లింలు 21 మంది, బౌద్ధులు దాదాపు అయిదుగురు, జైనులు నలుగురు, క్రైస్తవులు ముగ్గురు.

హైదరాబాదును 1591లో కట్టించింది కులీ కుతుబ్‌షా. తర్వాత 1948 దాకా నిజాముల రాజ్యం. అందుకే ముస్లింలు ఎక్కువ. ముంబాయి రేవు పట్నం. గుజరాత్, మార్వాడ్ నుంచి జైన వ్యాపారులు పోయి అక్కడ స్థిరపడ్డారు.

బౌద్ధుల సంగతే నాకు ఆశ్చర్యం. 1951లో ఇప్పటి మహారాష్ట్ర మొత్తంలో వాళ్ళు రెండున్నర వేల మంది కూడా లేరు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో డాక్టర్ అంబేద్కర్ గారు లక్షల మందితో కలిసి బౌద్ధం తీసుకున్నారు. 1961 లెక్కల్లో దాదాపు 28 లక్షలు! కొత్త మనుషులు ఎక్కడి నుంచో రాలేదు. ఉన్నవాళ్ళే. లెక్కలు రాసేవాళ్ళకు చెప్పే జవాబు మారింది, అంతే.

ముంబాయిలో పార్సీలు కూడా ఉన్నారు. వాళ్ళ గుడిలో నిప్పు ఆరకుండా చూస్తారు. కానీ పట్టికలో వాళ్ళకు సొంత గడి లేదు. ఆరు మతాలకే గడులు, మిగతా అందరూ ‘ఇతర మతాలు’.

ఇది చదివాక మా ఇల్లు యాదికొచ్చింది. మేము గోండులం. పెర్సపేన్‌ను, నాగోబాను కొలుస్తాం. మా మతం పేరు చెప్పినా పోయేది ఆ ‘ఇతర’ గడిలోకే. 1901, 1911 లెక్కల్లో ఆదివాసులకు ‘ఆనిమిస్టులు’ అని వేరే గడి ఉండేదట. (అది ఇంగ్లీషు దొరలు పెట్టిన పేరు. మనవాళ్ళెవరూ అట్లా చెప్పుకోరు.) 2011లో పది లక్షలకు పైగా మంది తమది గోండి మతం అన్నారు. సర్నా అన్నవాళ్ళు దాదాపు 50 లక్షలు, ఎక్కువగా జార్ఖండ్ వైపు.

మా నాయినను అడిగాను. "ఏమని చెప్పిననో యాదిలేదు బిడ్డా, హిందూ అనే రాసుకున్నరు కావచ్చు" అన్నాడు. ఇంటివాళ్ళు ఏది చెబితే అదే రాయాలని నియమం ఉంది. అది మా నాయినకు తెలియదు.

సెలవులకు పోయినప్పుడు మీరూ ఇంట్లో అడగండి. గోండు, కొలాం, కోయ, ఎవరైనా సరే. వచ్చి నాకు చెబితే మన హాస్టల్ పట్టిక గీసి ఈ గోడ మీదనే పెడతాను.

– 9వ తరగతి విద్యార్థిని